అడుగు మడ్డికి సక్కర్ చేప మందు కాదు

రంగు చేపల దుకాణదారులకు, టోకు వ్యాపారులకు, వారి సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రంగు చేపల వ్యాపారులకు,



“ట్యాంకు అడుగున మడ్డి పేరుకుపోతోందండీ, ఏం చెయ్యమంటారు?” అని అడిగినవాళ్లకు మీ కౌంటర్ల దగ్గర ఏళ్ల తరబడి దొరుకుతున్న జవాబు ఒకటుంది. “ఒక సక్కర్ వేసుకోండి, మొత్తం అదే తినేస్తుంది.” ఆ వెంటనే వేలెడంత మచ్చల చేప ఒకటి నీళ్ల కవరులో పడుతుంది, రబ్బరు బ్యాండు బిగుస్తుంది, బేరం ముగుస్తుంది. ఈ లేఖ ఆ జవాబు గురించే. అది తప్పు జవాబు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది కొన్నవాళ్లు మాత్రమే కాదు, అమ్మినవాళ్లు అసలే కాదు. మీ దుకాణం గుమ్మం ఎన్నడూ తొక్కని మత్స్యకారులు, చెరువు కింద రైతులు చెల్లిస్తున్నారు.

గంపలగూడెం మండలాన్నే తీసుకోండి. ఎన్టీఆర్ జిల్లా అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం. పత్తి, మిరప, వరి, మామిడి మీద బతికే ఊళ్లు. పిల్లలు ముచ్చటపడితే ఇక్కడివాళ్లు తిరువూరో విజయవాడో ఖమ్మమో వెళ్లి రెండడుగుల అద్దాల ట్యాంకు తెచ్చుకుంటారు. ఒకరింట్లో గోల్డ్ ఫిష్ జంట, మరొకరింట్లో గప్పీలు, ఇంకొకరింట్లో ఒంటరి ఫైటర్. పెద్ద మోటారు ఫిల్టరు ఉండదు, ఎయిర్ పంపుకు తగిలించిన చిన్న స్పాంజి ఉంటుంది. నీళ్లు కదిలీ కదలనట్టు ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. ఫైటర్, గౌరామి జాతులు వరి మళ్లలో, చిత్తడి నేలల్లో బతకడానికి అలవాటు పడినవి. పైకి వచ్చి గాలి మింగి బతకగలవు. నీటి జోరు ఎక్కువైతేనే వాటికి ఇబ్బంది. కదలిక తక్కువున్న ట్యాంకు చెడ్డ ట్యాంకు కాదు, దాన్ని చూసుకునే పద్ధతి వేరు, అంతే. ఆ పద్ధతి కొన్నవాళ్లకు ఎవరు చెప్పాలి? బడిలో చెప్పరు. పశువుల ఆస్పత్రిలో చెప్పరు. ట్యాంకు అమ్మి డబ్బు తీసుకున్నవాళ్లే చెప్పాలి కదా?

ఆ మడ్డిలో ఏముంటుందో మీకు తెలియనిది కాదు. చేపల మలం, తినకుండా మిగిలిన మేత, కుళ్లిన ఆకు ముక్కలు, వాటిని పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులు. నీరు జోరుగా తిరిగే ట్యాంకులో ఇదంతా ఫిల్టరులోకి కొట్టుకుపోతుంది. నిలకడ నీళ్లలో రాళ్ల సందుల్లోకి, ప్లాస్టిక్ బొమ్మ వెనక్కి, స్పాంజి గాలి తగలని మూలకి దిగి కూర్చుంటుంది. పల్చటి పొరగా ఉన్నంతకాలం దానివల్ల భయం లేదు. మొక్కల వేళ్లకు అది ఎరువు, గప్పీ పిల్లలకు మేసుకునే చోటు. దట్టమై కుళ్లడం మొదలైనప్పుడే అసలు చిక్కు. కుళ్లడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. వేసవి మధ్యాహ్నాలు మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. ఉన్న కాస్తలో మడ్డి వాటా పోగా మిగిలిందే చేపలకు.

ఆక్సిజన్ సంగతి ఇలా ఉంటే, అమ్మోనియా సంగతి ఇంకా తీవ్రం. కుళ్లిన మడ్డి నుంచి, చేపల మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా అంతా ఒకేలా చంపదు. నీటి పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు అందులో విషరూపంలో ఉండేది ఒక్క శాతం లోపే. అదే నీటి పీహెచ్ 8కి, వేడి 30 డిగ్రీలకు పెరిగితే ఆ భాగం ఏడు శాతం దాటుతుంది. అదే మడ్డి, అదే చేప, విషం మాత్రం పది రెట్లకు పైగా. బిందెల లోపల తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు వాడే ఊళ్లకు, మే నెల ఎండలకు ఈ లెక్క తెలిసి తీరాలి. మీరు ట్యాంకుతోపాటు రంగు రాళ్లు, ప్లాస్టిక్ కోట, మేత డబ్బా అన్నీ ఇస్తారు. ఈ ఒక్క ముక్క ఎందుకు ఇవ్వరు?

ఇక సక్కర్ దగ్గరికి వద్దాం. ఆ చేప పిల్లగా ఉన్నప్పుడు అద్దాల మీది పాచిని గీకి తింటుంది. అంతవరకు నిజం. కానీ కొన్నవాళ్లు ఫిర్యాదు చేసింది పాచి గురించి కాదు, మడ్డి గురించి. చేపల మలం దానికి ఆహారం కాదు. పైపెచ్చు, అది రోజంతా మేసే చేప, మేసినదానికి తగ్గట్టే విసర్జిస్తుంది. సక్కర్ వేసిన వారానికి అద్దాలు కాస్త తేటపడి, అడుగున మాత్రం పొడవాటి పోగుల్లాంటి మలం కొత్తగా కనబడటం చాలామంది ఇళ్లలో చూసేదే. జోరు లేని నీళ్లలో ఆ పోగులు ఎక్కడికీ పోవు. మడ్డి తగ్గించమని అడిగినవాళ్లకు మడ్డిని పెంచే చేపను అమ్మినట్టయింది. పాచి అయిపోయాక అది రాత్రిపూట గోల్డ్ ఫిష్ లాంటి నెమ్మది చేపల పక్కలకు అతుక్కుని ఒంటి మీది జిగురు పొరను గీకడం కూడా ఉంది. తెల్లారి చూస్తే చేప పక్కన తెల్లటి గాటు. “ఏదో జబ్బు వచ్చిందండీ” అని మళ్లీ మీ దగ్గరికే వస్తారు. ఈసారి నీలం రంగు మందు సీసా అమ్ముతారు.

అన్నిటికన్నా కలవరపెట్టేది ఇంకొకటి. సక్కర్ గాలి మింగగలదు. దాని పొట్టే ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. మడ్డి కుళ్లి, ఆక్సిజన్ పడిపోయి, ట్యాంకులో మిగతా చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచే రోజు వచ్చినా ఇది చావదు. ఇంటివాళ్లు గోల్డ్ ఫిష్‌లను పోగొట్టుకుంటారు, గప్పీలను పోగొట్టుకుంటారు, చివరికి మిగిలేది ఇదొక్కటే. అది ఆగకుండా పెరుగుతుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదీ పరీవాహకాల చేప అది. అడుగున్నర దాకా ఎదుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. రెండడుగుల ట్యాంకులో అడుగున్నర చేప తిరగడానికైనా చోటెక్కడిది? ఈ సంగతి కొన్న రోజున కొన్నవాళ్లకు తెలియదు. మీకు తెలుసు.

పెరిగిన చేపను ఏం చెయ్యాలి? వండుకోవడానికి మనసొప్పదు, పైన ఒళ్లంతా ఎముక పలకలు. చంపితే పాపం. మీ దగ్గరికి తెస్తే “పెద్దవి తీసుకోమండీ” అంటారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. సాయంత్రం పూట బకెట్టులో వేసుకుని వెళ్లి చెరువులోనో కాలువలోనో వదిలిపెడతారు. “బతుకుతుంది పాపం” అనుకుని మరీ వదులుతారు. ఆ దయలో మోసమేమీ లేదు. దయతో చేసిన ఆ పనికి దారి తీసిన మీ మాటలోనే మోసం ఉంది.

బకెట్టు బోర్లించిన చోటునుంచి నీళ్లు ఎటు వెళ్తాయో ఈ ప్రాంతం మనిషి ఎవరైనా చెబుతారు. గంపలగూడెం మండలం మీదుగా పారేది కట్టలేరు. అది వైరాలో కలుస్తుంది, వైరా మునేరులో, మునేరు కృష్ణలో. చెరువులు నిండితే అలుగులు పారి వాగుల్లో పడతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఈ మెట్ట ప్రాంతపు పొలాల్లోకి వస్తాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకు మునేరు పొంగింది, బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వరదలో ఏ చెరువు చేప ఏ చెరువులో ఉండిపోతుంది? గట్టు దాటిన చేపకు మండలం హద్దు తెలియదు, రాష్ట్రం హద్దు తెలియదు. ఒక ఊరి చెరువులో వదిలిన చేప నాలుగు వానాకాలాలు గడిచేసరికి నది చేప అవుతుంది.

అది ఊహ కాదనడానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో ఈ చేప వదిలిన డీఎన్ఏ ఆనవాళ్లు వెతికే పరీక్షను రూపొందించి తూర్పు కనుమల జలవనరులను గాలించారు. అక్కడి జలవనరుల్లో దాదాపు 60 శాతానికి ఇది పాకిందని తేల్చారు. అది ఇక్కడికి వచ్చింది అక్వేరియంల ద్వారానే. 2020లో వారణాసి దగ్గర గంగలో ఇదే చేప దొరికినప్పుడు దేశమంతా వింతగా చూసింది. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లో మురుగునీటితో చేపలు పెంచి నగరానికి తిండి పెట్టే మత్స్యకారులు దీనితో ఏళ్లుగా వేగుతున్నారు. మన పత్రికలు దీన్ని దెయ్యపు చేప అంటున్నాయి. అమ్మేటప్పుడు అది మీకు సక్కర్, వలలో పడేటప్పుడు వాళ్లకు దెయ్యం.

ఆ వల దగ్గర జరిగేది కాస్త దగ్గరినుంచి చూడండి. తెల్లవారుజామున విసురు వల వేసిన మత్స్యకారుడు బరువు తగిలితే శీలావతో బొచ్చో పడిందనుకుంటాడు. పైకి లాగితే మచ్చల పలకల ఒళ్లు. వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు బిర్రుగా నిలబెట్టి వల కళ్లలో ఇరికించుకుని ఉంటుంది. లాగితే రాదు, తిప్పితే ఇంకా బిగుస్తుంది. కత్తి తీసి వల పోగులు ఒక్కొక్కటీ కోస్తే గానీ ఊడదు. ఒక్క చేప ఊడేసరికి గుప్పెడు పట్టే కన్నం మిగులుతుంది. ఆ పూట వేట అక్కడితో సరి, మర్నాడంతా వల అల్లుకుంటూ కూర్చోవాలి. గట్టు మీద పడేసిన సక్కర్ మాత్రం గంటల తరబడి చావదు. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. చెరువు పాట పాడుకుని, పిల్లలు కొని వదిలి, ఏడాదంతా కాపలా కాసిన మత్స్యకార సంఘం ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

నష్టం వలలతో ఆగదు. గుడ్లు పెట్టడానికి ఈ చేప నీటి అంచున గట్లలోకి మీటరు లోతు దాకా బొరియలు తవ్వుతుంది. వందల్లో పెట్టిన గుడ్లకు మగ చేప కాపలా ఉంటుంది. మన చెరువు కట్టలు మట్టి కట్టలు. ఎండ్రకాయల బొరియలకే వానాకాలంలో కట్ట మీద రాత్రి కాపలాలు తిరిగే రైతులకు ఈ బొరియల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పైగా అడుగునున్న పాచిని, మట్టి పొరను ఇది ఊడ్చి తినేస్తే, ఆ పొరనే నమ్ముకున్న ఎర్రమైల, చిన్న పరకలు, వాటి పిల్లలు ఏం తినాలి? కొర్రమీను, మార్పు, మట్టగిడస లాంటి మన నాటు చేపలు ఇప్పటికే వెతుక్కోవాల్సిన స్థితికి వచ్చాయి.

మెక్సికోలో ఇన్ఫియెర్నీయో అనే పెద్ద జలాశయం ఉంది. ఒకప్పుడు ఆ దేశపు మంచినీటి చేపల వేటకు అది పెద్ద దిక్కు. సక్కర్ జాతులు చేరిన కొన్నేళ్లకు వలల్లో పడేదాంట్లో ఎక్కువ భాగం ఇవే అయ్యాయి, వేల కుటుంబాలకు పని పోయింది. ఫిలిప్పీన్స్‌లో లగూనా సరస్సు మత్స్యకారులదీ ఇదే గోడు. పొరుగున బంగ్లాదేశ్ ఈ చేప దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాన్ని 2023లో నిషేధించింది. ఇన్ని చోట్ల ఇంత జరిగాక కూడా మన దుకాణాల్లో అది “క్లీనర్” అన్న పేరుతో అమ్ముడుపోతోంది. ఇది తెలియక జరుగుతున్న వ్యాపారమని ఎవరైనా నమ్ముతారా?

తెలుగునాట ఇలాంటి పాఠాలు కొత్త కూడా కాదు. ఊరూరా చెరువులను కప్పేసి, కాలువలకు అడ్డుపడి, కూలీలను పెట్టి తీయించినా మళ్లీ మొలిచే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికానుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. ఊదా రంగు పూలు చూసి కుండీల్లో పెట్టుకున్నది, ఇప్పుడు పంచాయతీలు, నీటిపారుదల శాఖ ఏటా డబ్బు పోసి తీయిస్తున్నాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. పాతికేళ్లయినా దాని చాటు పెంపకాలు ఆగలేదు, అధికారులు దాడులు చేసి చెరువుల్లో పట్టి పూడ్చిపెట్టే వార్తలూ ఆగలేదు. లోపలికి రానివ్వడం సులువు, బయటికి పంపడం ఎవరి తరమూ కావడం లేదు. ఆ రెండు ఖర్చులూ ప్రజల పన్నుల్లోంచే పోతున్నాయి. మూడో ఖర్చు మీ కౌంటర్ నుంచి మొదలు కావాలా?

“చట్టంలో నిషేధం ఉంటే మానేస్తాం” అనడం తేలిక. 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అక్వేరియం, చేపల దుకాణాలకు నిబంధనలు తెచ్చింది. మీ రంగంలోంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి, అదే ఏడాది వాటిని వెనక్కి తీసుకున్నారు. ఆ నిబంధనల్లో ఆచరణకు కష్టమైనవి ఉన్నాయన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ప్రభుత్వం కర్ర పక్కన పెట్టినప్పుడు బాధ్యత మీ చేతికి వచ్చినట్టే. ఆ తర్వాత మీ అంతట మీరు ఏ నియమం పెట్టుకున్నారు? 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, దేశానికి చెందని ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ అధికారం ఏదో ఒక రోజు మీ దుకాణం మీద పడేదాకా ఎదురుచూడటం వ్యాపార తెలివి అనిపించుకోదు.

పైగా ఇది పూర్తిగా మీ సొంత వ్యవహారం కూడా కాదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రంగు చేపల పెంపకానికి, పెరట్లో పెంచే చిన్న యూనిట్లకు సైతం ప్రభుత్వం రాయితీ ఇస్తూ వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు యూనిట్ ఖర్చులో 60 శాతం, మిగతావారికి 40 శాతం. ప్రజల సొమ్ముతో ఎదుగుతున్న రంగం ప్రజల చెరువులకు ఏం జవాబుదారీ చూపిస్తోంది?

“మరి మడ్డికి ఏం చెప్పమంటారు?” అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే, దానికి జవాబు మీ దుకాణంలోనే ఉంది.

మొదటిది మేత. మీరు అమ్మే డబ్బా మీద ఏం రాసి ఉన్నా, చిన్న చేపకు కొద్దిపాటి మేతే చాలు. రెండు నిమిషాల్లో పూర్తిగా తినేయగలిగినంతే వెయ్యాలి. పిల్లలు మురిసిపోయి చిటికెల మీద చిటికెలు వేస్తారు. మడ్డిలో పెద్ద వాటా అక్కడే పుడుతుంది. వారానికి ఒకరోజు మేత మానేసినా ఆరోగ్యంగా ఉన్న చేపకు ఏమీ కాదు. మేత డబ్బా త్వరగా ఖాళీ కాకపోతే మీకు కాస్త నష్టమే. ఆ నష్టం భరించలేనిదా?

రెండోది సైఫన్. అరంగుళం పారదర్శక పైపు ఒకటి, దాని మూతికి కోసిన ప్లాస్టిక్ సీసా మెడ. బకెట్టు కింద పెట్టి, పైపు మూతిని గులకరాళ్లలోకి నిలువుగా గుచ్చితే రాళ్లు లోపలికి లేచి గిరగిరా తిరుగుతాయి. వాటి మధ్యనుంచి మడ్డి గోధుమరంగు పొగలా పైకి లేచి పైపులోకి వెళ్తుంది. రాళ్లు బరువుకు కిందికి జారిపోతాయి. నీళ్లు తేటపడగానే పైపును వేలితో నొక్కి, పక్క చోటికి జరపాలి. అడుగంతా ఒకేసారి కాదు, ఈ వారం సగం, వచ్చే వారం సగం. ట్యాంకులో నాలుగో వంతు నీళ్లు పోగానే ఆపాలి. తీసిన నీళ్లు మల్లెచెట్టుకో మిరప మొక్కలకో పోస్తే ఎరువు, కాలువలో మాత్రం పొయ్యకూడదు. కుళాయి నీళ్లైతే బ్లీచింగ్ వాసన పోయేలా రాత్రంతా బకెట్టులో ఉంచి, మర్నాడు ట్యాంకు నీళ్ల వేడికి దగ్గరగా ఉన్నప్పుడు మెల్లగా పొయ్యాలి. ఈ పని మొత్తానికి అరగంట చాలు. నేర్పడానికి మీకు పది నిమిషాలు. సక్కర్‌ను కవరులో కట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ పదీ మీకు బరువైపోయాయా?

మూడోది, మీలో చాలామంది ఇచ్చే ఇంకో చెడు సలహాను మానడం. “మొత్తం నీళ్లు తీసేసి, రాళ్లు, స్పాంజి కుళాయి కింద బాగా రుద్ది కడగండి” అంటారు. స్పాంజి రంధ్రాల్లో, రాళ్ల మీద ఉండే బ్యాక్టీరియానే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చి చేపను కాపాడుతుంది. అది స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. క్లోరిన్ నీళ్లతో రుద్ది కడిగితే ఒక్క పూటలో పోతుంది. ఆదివారం తళతళలాడిన ట్యాంకులో బుధవారానికి చేపలు తేలుతాయి. కొన్నవాళ్లు తమ చేతగానితనాన్ని తిట్టుకుని మళ్లీ చేపలు కొనడానికి వస్తారు. స్పాంజిని ట్యాంకునుంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండితే చాలు, నల్లటి రసం కారిపోతుంది, బ్యాక్టీరియా మిగులుతుంది. ఒక్క వాక్యంలో చెప్పగల మాట అది.

ట్యాంకు అమరికలోనూ మీ చెయ్యి సాయపడుతుంది. గులకరాళ్లు నాలుగంగుళాల మందాన పోయించకండి, అంగుళం చాలు. వెనక ఎత్తు, ముందు పల్లం వచ్చేలా సర్దితే మడ్డి అద్దం దగ్గరికి జారి సైఫన్‌కు అందుతుంది. స్పాంజిని ఒక మూల పెడితే బుడగలు లేపే నెమ్మది కదలిక చెత్తను ఎదుటి మూలకు చేరుస్తుంది. ప్లాస్టిక్ కోటను ఆ మూలలో పెట్టించకండి. రెండు కట్టల హైడ్రిల్లా వేస్తే నైట్రేట్‌ను పీల్చుకుంటుంది. మన కాలువల్లోనే పెరిగే మొక్క అది. మన వాగుల్లో, వరి కాలువల్లో పుట్టిన గౌరామి, వెన్నెముక కనబడే గాజు చేప, జీబ్రా చేప నిలకడ నీళ్ల చిన్న ట్యాంకుల్లో చక్కగా ఇముడుతాయి. జీబ్రా చేప ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతున్న మన ఉపఖండపు చేప. దాన్ని మన ఇంటికి అమ్మడానికి మొహమాటం ఎందుకు?

“మేం మానేస్తే పక్క దుకాణంవాడు అమ్ముతాడు” అన్న మాటా వినబడుతుంది. అందుకే ఈ లేఖ ఒక దుకాణానికి కాక మీ అందరికీ, మీ సంఘాలకూ రాసింది. ధరల మీద, రవాణా మీద, జీఎస్టీ మీద మీ సంఘాలు కూర్చుని తీర్మానాలు చేసుకుంటున్నాయి. ఒక్క చేప మీద చేసుకోలేవా? “జనం చెరువులో వదిలితే తప్పు జనానిది” అన్న వాదన కూడా నిలవదు. అడుగున్నర పెరిగే చేప అని చెప్పి అమ్మారా? పెద్దదైతే తిరిగి తీసుకుంటామని చెప్పారా? చెరువులో వదలకూడదని కవరు మీద ఒక చీటీ అయినా అంటించారా? ఈ మూడింటిలో ఒక్కటైనా చేసినవారికి ఆ వాదన చేసే హక్కు ఉంది.

ఇక కోరేది ఇది. చెన్నై కొళత్తూరుకో కోల్‌కతాకో మీరు పంపే తర్వాతి ఆర్డరులో సక్కర్ అన్న వరసను కొట్టేయండి. ఇప్పటికే ఇళ్లలో పెరుగుతున్నవాటిని వాపసు తీసుకోవడానికి ప్రతి దుకాణంలో ఒక పెద్ద తొట్టి కేటాయించండి. తెచ్చినవాళ్లకు డబ్బు ఇవ్వకపోయినా సరే, వెనక్కి పంపకండి. వాటిని ఏం చెయ్యాలో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంతో మాట్లాడి తేల్చుకోండి, ఏ పరిస్థితిలోనూ నీటి వనరుల్లోకి వెళ్లనివ్వకండి. సైఫన్ పైపును ట్యాంకుతోపాటు కలిపే ఇవ్వండి, కౌంటర్ మీద ఒక చిన్న ట్యాంకు పెట్టి అది వాడే తీరు చూపించండి. ఈ వానాకాలం కట్టలేరు పొంగకముందే మొదలుపెట్టండి. మీ సంఘాలు తీర్మానం చేసిన రోజున ఆ తీర్మానం ప్రతిని తిరువూరు, గంపలగూడెం మత్స్యకార సంఘాలకు కూడా పంపండి, చెరువు పాటలు పాడుకునేవాళ్లకు అది తెలియాలి.

ఇట్లు,
కట్టలేరు తీరం నుంచి,
గంపలగూడెం, ఎన్టీఆర్ జిల్లా